ఆయుఃప్రమాణ జ్ఞానము – ఆస్తికుని కర్తవ్యము

తన ఆయువెంతయో తెలిసికొనవలెనను కోరిక మానవునకు నేడు క్రొత్తగా పుట్టినది కాదు. జాతకము వ్రాయించునపుడు తల్లిదండ్రులు మొట్టమొదట అడుగునది బిడ్డ ఆయుర్దాయమును గూర్చియే. వైద్యుని గడప త్రొక్కిన రోగి పైకి 'ఏమి మందు?' అని అడిగినను, అతని హృదయమున మెదలునది 'ఇంకెన్నాళ్ళు?' అను ప్రశ్నయే. ఈ ప్రశ్నకు పూర్వము జ్యోతిష్కుడు గ్రహములను జూచి, వైద్యుడు నాడిని జూచి సమాధానము చెప్పుచుండిరి. నేడు మూడవ గ్రంథమొకటి తెరువబడినది. అది జన్యువుల గ్రంథము. అందలి అక్షరములను చదివి, కొన్ని క్యాన్సరు వ్యాధులలో రోగి గతి యెట్లుండగలదో ముందుగా చెప్పుటకు వైద్యశాస్త్రము యత్నించుచున్నది. ఆ అక్షరములు బ్రహ్మవ్రాతయేనా? వానిని తెలిసికొనుట మేలా, కీడా? తెలిసిన బంధువులు రోగికి చెప్పవలెనా, దాచవలెనా? ఇవి వైద్యులు మాత్రమే తేల్చదగిన ప్రశ్నలు కావు. ప్రతి గృహస్థుడును ఏదో యొకనాడు ఎదుర్కొనవలసిన ధర్మప్రశ్నలు.

ఇందుకు పిత్తనాళ క్యాన్సరును దృష్టాంతముగా గైకొనవచ్చును. విజ్జేశ్వరము వద్ద గోదావరి నుండి బయలుదేరి నిడదవోలు మీదుగా సాగు కాలువను ఆ ప్రాంతమువారెల్లరు ఎఱుగుదురు. 1852లో ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఆ నీరు పెద్ద కాలువలుగా, పిల్లకాలువలుగా చీలి డెల్టా చేలకు చేరుచున్నది. మన దేహములోని కాలేయమందు ఇందుకు తలక్రిందులైన అమరిక కలదు. అచ్చట అసంఖ్యాకములగు సన్నని పిల్లకాలువలు ఒకదానితో నొకటి కలిసి పెద్ద కాలువయై పైత్యరసమును చిన్నప్రేవులకు చేర్చును. ఆ నాళముల లోపలి పొరయందు పుట్టు క్యాన్సరే పిత్తనాళ క్యాన్సరు. పూడిక అడ్డుపడినపుడు కాలువనీరు వెనుకకు ఎగదన్ని గట్టు దాటునట్లు, దారి లేని పిత్తము రక్తములో కలిసి కన్నులను పచ్చబఱచును. ఒడలెల్ల దురద పుట్టించును.

పచ్చకామెర్లు అనగానే పల్లెలలో పసరుమందు త్రాగించి, పథ్యము పెట్టి, తగ్గునని ఎదురుచూచుట వాడుక. కామెర్లకు కారణములనేకము, వానిలో చాలభాగము ఈ వ్యాధి కాదు. కాని నడివయసు దాటినవారికి నొప్పి లేకయే వచ్చి, దినదినము ముదురుచు, మలము తెల్లబడి, మనిషిని చిక్కింపజేయు కామెర్లను పసరుతో సరిపుచ్చరాదు. ఈ వ్యాధి గుట్టుగా పెరుగునది. అది బయటపడునప్పటికి శస్త్రచికిత్సతో గడ్డను పూర్తిగా తీసివేయుటకు వీలుండువారు కొలదిమందియే. తక్కినవారికి ఎండోస్కోపీ ద్వారా నాళములో స్టెంటు అను చిన్న గొట్టమునుంచి పిత్తమునకు దారి కల్పించుట, కీమోథెరపీ ఇచ్చుట మొదలగునవి మిగిలిన ఉపాయములు. ఇట్టి వ్యాధి కలిగిన ఇంటివారు నిడదవోలులో రైలెక్కి రాజమహేంద్రవరమునకో, విశాఖపట్టణమునకో, హైదరాబాదునకో పోయి, చేతిలో కాగితముల కట్టతో తిరిగి వత్తురు. ఆ కట్టలో నేడు జన్యుపరీక్ష ఫలితము కూడ ఒకటి చేరుచున్నది.

ఆ కాగితము చెప్పునదేమి? మానవ జన్యుగ్రంథమును సుమారు మూడువందల కోట్ల అక్షరములుగా చదువు మహాకార్యము 2003లో ముగిసినట్లు ప్రకటింపబడినది. అందు సుమారు 20,000 జన్యువులు కలవని శాస్త్రజ్ఞుల లెక్క. క్యాన్సరనగా, ఒక కణములోని కొన్ని అక్షరములు చెడిపోయి, ఆ కణము హద్దు మీఱి పెరుగుట. గడ్డనుండి చిన్న ముక్కను తీసి, ఏ యే అక్షరములు మాఱినవో చదువుటయే ఈ పరీక్ష. టి.పి.53, కె.రాస్ అను జన్యువులలో మార్పు కనబడినచో వ్యాధి గతి సాధారణముగా కఠినముగా నుండునని పరిశోధకులు గమనించిరి. కాలేయము లోపలి నాళములలో పుట్టిన క్యాన్సరు గలవారిలో నూటికి సుమారు 10 నుండి 15 మందికి ఎఫ్.జి.ఎఫ్.ఆర్.2 అను జన్యువు మఱియొక జన్యువుతో అతుకుకొని యుండును. అట్టివారిలో వ్యాధి కొంత నెమ్మదిగా నడచుటయు కనబడినది. అంతియే కాదు, ఆ అతుకునే గుఱిచేసి పనిచేయు పెమిగాటినిబ్ అను మందునకు 2020లో అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి నిచ్చెను. దానికి ఆధారమైన పరిశోధనలో ఆ మార్పు గల 107 మందికి మందు నీయగా, నూటికి 35 మందికి పైగా గడ్డ గణనీయముగా కుంచించుకొనెను. ఐ.డి.హెచ్.1 అను మఱియొక జన్యువులో మార్పు గలవారికి ఐవోసిడెనిబ్ అను మందు 2021లో అనుమతి పొందెను.

కావున ఈ జన్యుసూచికలు రెండు తెగలవని గ్రహింపవలెను. కొన్ని గతిసూచకములు, అవి వ్యాధి వేగమును చెప్పును. కొన్ని ఉపాయసూచకములు, అవి ఏ మందు పనిచేయగలదో చెప్పును. మొదటిది ప్రవాహవేగమును దెలుపును. రెండవది రేవున పడవ యున్నదో లేదో దెలుపును. కొన్ని సూచికలు ఈ రెండు పనులను చేయును. ఈ భేదమును తెలియక, కాగితముపై జన్యువు పేరు కనబడినంతనే 'ఇది మరణపత్రము' అని గుండె జాఱవిడుచుకొనుట అవివేకము.

ఇక 'ఇది బ్రహ్మవ్రాతయా?' అను ప్రశ్న. చరకసంహితలో ఇంద్రియస్థానమను భాగము పండ్రెండు అధ్యాయములలో మరణమును ముందుగా సూచించు చిహ్నములను వివరించును. వానికి అరిష్టములని పేరు. అచ్చట చరకుడు చక్కని పోలిక నొకటి చెప్పెను. పువ్వు రాబోవు ఫలమునకు సూచన యైనట్లు అరిష్టము రాబోవు మరణమునకు సూచన. అయితే పూచిన పువ్వెల్ల కాయ కాకపోవచ్చును, కాని నిజమైన అరిష్టము తప్పదని ఆతని మతము. అంతతో ఊరకుండక, తెలియనివాడు అరిష్టము కానిదానిని అరిష్టమని భ్రమపడుట కలదని కూడ హెచ్చరించెను. ఈ కొలబద్దతో చూచినచో నేటి జన్యుసూచిక అరిష్టము కాదు; అది పూత వంటిది. మామిడితోటలో పూతను జూచి రైతు కాపును అంచనా వేయును. అంచనా తోట మొత్తమునకు సరిపోవచ్చును. కాని ఈ కొమ్మకు ఈ పువ్వు పిందె యగునా, మంచుకు మాడునా, గాలికి రాలునా యని ఎవ్వడును చెప్పలేడు.

వైద్యులు చెప్పు నెలల లెక్కకును ఇదియే మర్యాద. బ్రిటనులో జరిగి 2010లో వెలువడిన ప్రసిద్ధ పరిశోధన యొకటి పిత్తమార్గ క్యాన్సరు ముదిరిన 410 మందిని పరిశీలించెను. ఒక మందు మాత్రమే పొందినవారి మధ్యస్థ జీవితకాలము 8.1 నెలలు, రెండు మందులు కలిపి పొందినవారిది 11.7 నెలలు. ఈ 11.7 అను సంఖ్యను వినిన బంధువు 'మా తండ్రిగారికి పదకొండు నెలలే గడువు' అని లెక్కించుకొనును. అది తప్పు. మధ్యస్థమనగా నడిమి గీత. సగము మంది అంతకు ముందే పోయిరని, సగము మంది అంతకు మించి జీవించిరని మాత్రమే దాని యర్థము. అది సమూహమును గూర్చిన సత్యమే గాని వ్యక్తిని గూర్చిన తీర్పు కాదు.

శాస్త్రదృష్టియు దీనిని సమర్థించును. గీతయందు పదునెనిమిదవ అధ్యాయమున భగవానుడు ప్రతి కార్యమునకు ఐదు కారణములను బోధించెను: దేహమను అధిష్ఠానము, కర్త, ఇంద్రియములగు కరణములు, వివిధములైన చేష్టలు, ఐదవదిగా దైవము. జన్యువు ఎంత సూక్ష్మమైనను అది దేహములోనిదే, అనగా ఐదింటిలో మొదటిదానిలో ఒక అంశము. ఐదవ కారణమగు దైవమనగా గ్రుడ్డి విధి యని గాక, అంతర్యామియగు పరమాత్మయని భగవద్రామానుజులు తమ భాష్యమున వివరించిరి. మొదటి కారణములో ఒక ముక్కను చదివి, తక్కిన నాలుగింటిని చదివితిమనుకొనుట ఎట్లు చెల్లును? చరకుడు విమానస్థానమున ఆయువు దైవము పైనను, పురుషకారము పైనను ఆధారపడునని చెప్పి, బండి యిరుసును ఉదాహరించెను. మంచి యిరుసు తన కాలమునకు అఱిగి విరుగును. అధికభారము మోపినను, త్రోవ చెడ్డదైనను కాలమునకు ముందే విరుగును. ఇరుసు గట్టితనమును కొలిచినవాడు ప్రయాణమును కొలిచినవాడు కాడు.

పురుషకారమునకు దూరదేశపు ఉదాహరణ వెదకనక్కఱలేదు. నిడదవోలు జంక్షను నుండి శాఖామార్గము పోవు భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు సోదరులనిద్దఱను స్ప్రూ అను జీర్ణవ్యాధికి కోల్పోయిరి. 'మా కుటుంబపు వ్రాత యింతే' యని ఆయన కూర్చుండలేదు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున ఫోలికామ్లమును గూర్చి జరిగిన కృషి స్ప్రూ రోగులకు ఉపకరించుటయే గాక, దాని నుండి అమినోటెరిన్, మెథోట్రెక్సేట్ అను క్యాన్సరు మందులకు దారి యేర్పడెను. 1948లో ఆయన పరమపదించిన సంవత్సరముననే, అమినోటెరిన్‌తో రక్తక్యాన్సరు గల పిల్లలకు తాత్కాలికముగానైనను ఉపశమనము కలిగినట్లు బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ప్రకటించెను. అంతవఱకు అసాధ్యమని వ్రాయబడిన పుటపై అదియొక తొలి దిద్దుబాటు.

ఇచ్చట గృహస్థులకు ముఖ్యమైన సంగతి యొకటి కలదు. 'జన్యువు' అనగానే 'వంశము' అని భావించి, రోగి యింటి పిల్లలను శంకతో జూచుటయు, సంబంధములు వెనుకకు పోవుటయు జరుగగలదు. కాని పిత్తనాళ క్యాన్సరులో కనబడు జన్యుమార్పులలో అధికభాగము పుట్టుకతో వచ్చినవి కావు; ఆ గడ్డలోని కణములలో జీవితకాలమున ఏర్పడినవి. అవి బిడ్డలకు సంక్రమింపవు. బి.ఆర్.సి.ఏ.2 వంటి కొన్ని మార్పులు మాత్రము కొలదిమందిలో వంశానుగతముగా రావచ్చును. అట్టిచో వైద్యుడే చెప్పి, రక్తసంబంధులకు పరీక్షను సూచించును. ఆ వివేకమును వైద్యునకు విడువక, తండ్రి గడ్డలోని అక్షరమును కూతురి నుదుట వ్రాయుట పాపకార్యము.

ఇక అన్నిటికంటె కఠినమైన ప్రశ్న: రోగికి చెప్పవలెనా? మన యిండ్లలో సామాన్యముగా జరుగునది దాచుటయే. కుమారులు, అల్లుండ్రు వైద్యుని గదిలో సమస్తము విని, బయటకు వచ్చి 'ఏమీ లేదట, నెలలో తగ్గిపోవునట' అని చెప్పుదురు. వారి హృదయమున నున్నది ప్రేమయే. అయినను ప్రేమ చేయు ప్రతికార్యము ధర్మము కాజాలదు. పురాణేతిహాసములలో ఆయువును ముందుగా నెఱిగినవారి చరిత్రలు కొన్ని కలవు. వానిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో దారి కనబడును.

ఖట్వాంగ మహారాజు దేవతలను తానే అడిగెను. మిగిలినది ఒక్క ముహూర్తమని తెలిసినంతనే భూమికి దిగివచ్చి, ఆ ముహూర్తమును శ్రీహరికి సమర్పించి కృతార్థుడయ్యెను. పరీక్షిత్తు అడుగలేదు, శృంగి శాపము సంగతిని శమీకమహర్షియే ఆయనకు తెలియబఱచెను. రాజునకు దుఃఖము కలుగునని మహర్షి దాచియుండినచో ఏమగును? ఏడవనాడు తక్షకుడు రాకమానడు. కాని ఆ ఏడు దినములు వేటలోను, విందులలోను గడచిపోవును. శుకుని ముఖమున భాగవతశ్రవణము జరుగదు. లోకమునకు భాగవతము లభించినది ఒక మహర్షి కఠినసత్యమును దాచకుండుట వలన. మఱియొక విశేషము: భారతకథలో అదే పరీక్షిత్తు ఒంటిస్తంభపు మేడ కట్టించి, వైద్యులను, ఔషధములను, మంత్రవేత్తలను చుట్టు నిలుపుకొనెను. భాగవతకథలో గంగాతీరమున కూర్చుండి హరికథ వినెను. ఒకే రాజును గూర్చిన ఈ రెండు కథలు చెప్పునదేమనగా, చికిత్సయు శ్రవణమును పరస్పరవిరోధములు కావు. మందు త్రాగుట భక్తికి లోపము కాదు. భగవంతుని శరణు జొచ్చుట వైద్యునిపై అపనమ్మకము కాదు.

దీనికి ఎదురుగా కంసుడు నిలుచును. ఆతడును తన మృత్యువును ముందుగా వినెను. ఆ జ్ఞానము ఆతనిని భయముచే దహించి, చెల్లెలిని చెఱలో పెట్టించి, పసికూనలను చంపించెను. తెలిసినది ఒకే జాతి సత్యము. ఫలము మాత్రము వినినవాని హృదయమును బట్టి వేఱయ్యెను. కావున సత్యము చెప్పువాడు వినువాని స్థితిని గమనింపవలెను.

సావిత్రి చరిత్ర మఱింత లోతైనది. సత్యవంతునకు ఏడాదియే ఆయువని నారదుడు చెప్పగా ఆమె వినెను, భర్తకు చెప్పలేదు, అత్తమామలకు చెప్పలేదు. దాచుటకు ఇది ప్రమాణము కాదా యని అడుగవచ్చును. సత్యవంతుడు రోగి కాడు; ఆతడు తెలిసికొని నిర్ణయింపవలసిన చికిత్స ఏదియు లేదు. సావిత్రి మౌనము వహించెనే గాని, నిండు నూఱేళ్ళు గలవని పతికి బూటకపు మాట చెప్పినట్లు కథలో లేదు. ఆమె ఆ భారమును తానొక్కతయే మోసెను, త్రిరాత్రవ్రతము పట్టెను, కడపటి దినమున క్షణమైనను విడువక వెంట నడచెను. నేటి రోగి అట్లు కాదు. వ్యాధి ఆతని దేహములోనే యున్నది. శస్త్రచికిత్సకు, కీమోథెరపీకి ఒప్పుకొనవలసినది ఆతడే. చుట్టుపట్లవారి ముఖములను జూచి సగము గ్రహించియు, వారు నొచ్చుకొందురని తెలియనట్లు నటించును. అప్పుడు ఒకే పడకగదిలో తండ్రియు బిడ్డలును ఒకరినొకరు రక్షింపబోయి ఒంటరులగుదురు.

చరకుడు మాత్రము వేఱుగా చెప్పెను. అరిష్టమును కనుగొన్నను వైద్యుడు అడుగకుండ మరణమును ప్రకటింపరాదని, రోగికో ఇతరులకో హాని కలుగుచోట అడిగినను చెప్పరాదని ఆతని శాసనము. ఇది దయతో గూడిన వాక్యమే. దీనిని త్రోసివేయరాదు, దాని హేతువును గ్రహింపవలెను. చరకుడు మాటాడునది తప్పని మరణమును గూర్చి. రోగి చేయదగినది మిగులని ఘడియను గూర్చి. జన్యుసూచిక తప్పని మరణమును చెప్పదు. అనేక నిర్ణయములు మిగిలియున్న కాలమున వచ్చును. అట్టిచోట చెప్పుటకంటె దాచుటవలననే హాని యెక్కువ. అందువలన చరకుని కరుణను విడువక ఇట్టి మర్యాదను పాటింపవచ్చును. మొదట రోగినే అడుగవలెను: "నాన్నగారూ, డాక్టరుగారు చెప్పినవన్నీ మీకు చెప్పమంటారా, మమ్మల్ని విని చూసుకోమంటారా?" అడిగినవానికి సత్యమును నెమ్మదిగా, ఆతడు మోయగలిగినంత మేర చెప్పవలెను. వద్దన్నవానిపై సంఖ్యలను విసరరాదు. ఏ స్థితిలోను అబద్ధము చెప్పరాదు. చెప్పినవారు చెప్పి వెడలిపోక ప్రక్కన కూర్చుండవలెను. శమీకుని సత్యవాక్కు, సావిత్రి సాన్నిధ్యము – ఈ రెండును కలిసిననే ధర్మము పూర్ణమగును.

తెలిసిన పిమ్మట చేయవలసినదేమి? ఉపాయసూచకము కనబడి, మందు లభ్యమై, వైద్యుడు మేలని చెప్పినచో చికిత్స చేయించుట కర్తవ్యము. కాని ఈ క్రొత్త మందులు మిక్కిలి ఖరీదైనవి; వ్యాధిని నిర్మూలించుట అరుదు, కొంతకాలము నిలువరించుట సాధారణము. పరీక్షకు ముందే 'దీని ఫలితమును బట్టి చికిత్స మాఱునా?' అని వైద్యుని అడుగుట వివేకము. ఇల్లు, పొలము అమ్మియైనను చేయించవలెనని కుమారుడు పట్టుపట్టవచ్చును. భార్యను, పెండ్లికాని పిల్లను నిరాధారులను జేసి తాను కొన్ని నెలలు కొనుక్కొనుట తండ్రికి సమ్మతము కాకపోవచ్చును. సత్యము దాచినయింట ఈ సంభాషణమే జరుగదు. తండ్రి మాట వినకయే తండ్రి పేర అప్పులు పెరుగును. వద్దని చెప్పు అధికారము రోగికి గలదు. అది ఆత్మహత్య కాదు, నాస్తిక్యము కాదు. చరకుడు యాప్యమని పేర్కొన్న వ్యాధులు నయము కాకున్నను, ఉపచారముచే కాలము గడుపదగినవి. దురద తగ్గించుట, నొప్పి తగ్గించుట, నిద్ర పట్టించుట, నోటికి హితమగు అన్నము పెట్టుట – ఇవి కూడ చికిత్సయే.

శ్రీవైష్ణవ గృహములలో మఱియొక సందేహము పుట్టుచుండును. నొప్పికి మార్ఫిన్ వంటి మందు నిచ్చినచో మగత కమ్మును; అంత్యకాలమున నారాయణ నామస్మరణ తప్పిపోవునేమో! ఈ భయముతో పెద్దలు బాధను పండ్ల బిగువున సహించుటయు, బంధువులు మందును ఆపించుటయు కలదు. తగిన మోతాదులో వైద్యుడిచ్చు నొప్పిమందు చాలమందికి తెలివిని పూర్తిగా హరింపదు. భరింపరాని నొప్పియే స్మరణకు పెద్ద శత్రువు. అంతకు మించి, పూర్వాచార్యులు ఆదరించిన వరాహ చరమశ్లోకము అభయమొకటి ఇచ్చుచున్నది. ఆరోగ్యముగా, స్థిమితముగా నున్న దినములలో తనను తలచిన భక్తుడు కడపట కట్టెవలె, రాయివలె పడియున్నను, వానిని తానే తలచి పరమగతికి చేర్తునని వరాహమూర్తి ప్రతిజ్ఞ. కడపటి స్మరణ భారము జీవునిది కాదు, స్వామిది. ఇది నమ్మినవారు తండ్రికి నొప్పిమందు నిరాకరింపనక్కఱలేదు.

కాని ఆ ప్రతిజ్ఞలో మనకు మిగిలిన భాగమొకటి కలదు: తెలివి గల దినములలో తలచుట. ఆయుఃప్రమాణ జ్ఞానమునకు ఆస్తికుని దృష్టిలో గల ప్రయోజనము ఇదియే. అది భయపడుటకు కాదు. మిగిలిన దినములను ఎంచుకొనుటకు. అప్పులు తీర్చుట, పంపకములు వివాదము లేక ముగించుట, మాటలు లేని తోబుట్టువును పిలిపించి మాటాడుట, చిన్నతిరుపతి కొండకు ఓపిక యుండగనే ఒక్కమాఱు వెళ్ళి దర్శనము చేసికొనుట, నిత్యము ఒక అధ్యాయము వినుట. ఈ పనులకు కాలము కావలెను. కాలమున్నదని, అది పరిమితమని తెలియవలెను.

పరీక్షిత్తు శాపవృత్తాంతములో విచారింపదగిన సూక్ష్మమొకటి కలదు. ఆయన ఆయువు ఏడు దినములలోగా తీరునని తెలిసినది. మనకు ఎన్ని దినములో తెలియదు. అయినను ఏ మనుజుడైనను మరణించునది వారములోని ఏడు దినములలో ఒకనాడే. ఆరోగ్యవంతునకును ఎనిమిదవ దినము లేదు. జన్యువులు చదువబడిన రోగికిని, చదువబడని బంధువునకును భేదము ఇంతమాత్రమే: ఒకరికి హెచ్చరిక వచ్చినది, ఒకరికి రాలేదు. హెచ్చరిక వచ్చినవానిని దయతో, సత్యముతో చూచుట బంధువుల ధర్మము. హెచ్చరిక రాకమునుపే మేల్కొనుట అందఱి ధర్మము.